చెప్పులకు కాపలా

మన ఆడవాళ్ళు ఊళ్ళు తిరగరని ఎవరన్నారు? పెళ్ళిళ్ళకి తిరుగుతారు, పురుళ్ళకి తిరుగుతారు, పుష్కరాలకి తిరుగుతారు, పరామర్శలకి తిరుగుతారు. అన్నీ 'ప'కారాలే! ఈ నలభై ఆరేళ్ళలో నేను వెళ్ళిన ఊళ్ళన్నీ ఒక కాయితం మీద రాసి, ఎదురుగా ఎందుకు వెళ్ళానో రాసుకుంటే ఇలా వచ్చింది: తెనాలి - ఆడబిడ్డ పురుడు. రాజమండ్రి - పుష్కరం. బెంగుళూరు - పిల్లవాడి కాలేజీ సీటు. తిరుపతి - మావారి మొక్కు. తెనాలి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మా ఆడబిడ్డగారి వంటింట్లో పోపులడబ్బా ఏ గూట్లో ఉంటుందో చెప్పగలను. ఊరెలా ఉంటుందో మాత్రం చెప్పలేను.

తీర్థమూ స్వార్థమూ అంటారు. ఆడదాని ప్రయాణంలో తీర్థం ఉంటుంది గాని, స్వార్థం మాత్రం ఎప్పుడూ ఇంకెవరిదో అయి ఉంటుంది!

అందుకని మొన్న మాఘమాసంలో ఒక రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగ వడ్డిస్తూ మెల్లిగా అన్నాను: "విశాఖపట్నం వెళ్ళి మూడు రోజులుండి వస్తాను."

మావారు తలెత్తారు. "ఎవరిదీ పెళ్ళి?"

"ఎవరిదీ కాదు."

"సభ ఏమైనా ఉందా?"

"లేదు."

"పోనీ, ఆ రాస్తున్న నవలకి ఏమైనా పనికొస్తుందనా?"

"అదీ కాదు. ఊరు చూద్దామని."

"అది సరేలే. ఎవరున్నారని వెళ్తావు?"

"సముద్రం ఉంది," అన్నాను.

మా అత్తగారు కంచంలోంచి చెయ్యి తీసి, "సముద్రం ఎక్కడికి పోతుందే? తీరుబడిగా అందరం కలిసే వెళ్ళొచ్చుగా!" అన్నారు. ఆవిడ మాటా నిజమే. సముద్రం ఎక్కడికీ పోదు. పోయేది మన కాలమే. ఆ మాట పైకి అనలేదు. మర్నాడు టిక్కెట్టు మాత్రం తీసుకున్నాను.

గోదావరి ఎక్స్‌ప్రెస్సు తెల్లవారేవేళకి విశాఖలో దింపింది. పాతవాళ్ళు ఇప్పటికీ ఆ స్టేషనుని వాల్తేరు అనే అంటారు. దానికో చిత్రమైన లక్షణం ఉంది. బెజవాడ వైపునుంచి వచ్చి హౌరా వైపు పోయే బళ్ళు చాలావాటికి అక్కడ ఇంజను రెండోకొసకి మారుస్తారు. వచ్చిన దారినే కొంతదూరం వెనక్కి నడిచి, అప్పుడు తన దారి పట్టుకుంటుంది బండి. అంతవరకూ ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు అక్కణ్ణించి వెనక్కి చూస్తూ కూర్చుంటారు. ఎవరూ సీటు మారక్కర్లేదు, ఊరే దిక్కు మార్చేస్తుంది! ఇదేదో నాకు మంచి శకునంలాగే తోచింది.

స్టేషను బయట ఆటో అబ్బాయి నా వెనకాలకి చూశాడు. "ఇంకెవులూ లేరా అమ్మా? ఒక్కరేనేటి?" అన్నాడు. హోటల్లో బల్ల దగ్గర కుర్రాడు నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఎంతమంది మేడమ్?" అన్నాడు.

"ఒక్కర్నే."

"సార్ వెనకాల వస్తున్నారా?"

"రావడంలేదు."

"అంటే, రేపొస్తారా?"

ఎల్లుండి కూడా రారని నచ్చచెప్పేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. అయినా అతనికి నమ్మకం కుదిరినట్టు లేదు. గదిలో చూద్దును గదా, రెండు తువ్వాళ్ళు, రెండు సబ్బులు, రెండు గ్లాసులు, పక్కమీద రెండు తలగడలు. మూడు రోజులూ ఆ రాని సారుకి మర్యాదలు జరుగుతూనే ఉన్నాయి.

ఆ "ఒక్కరేనా?" అనే మాటని లెక్కపెట్టాను. మూడు రోజుల్లో పదకొండుమంది అడిగారు. మాట ఒకటే గాని, పలకడంలో నాలుగు రకాలు. ఒకటి జాలి: పాపం, ఎవరూ లేరు గావును అని. రెండోది అనుమానం: ఇంట్లో పోట్లాడి వచ్చిందేమో అని. మూడోది భయం: ఈవిడకేమైనా అయితే మా మీదికి వస్తుందేమో అని. నాలుగోది మాత్రం ఆడవాళ్ళ నోటే విన్నాను. గొంతు తగ్గించి, 'నా'ని కాస్త సాగదీసి "ఒక్కరేనా...?" అంటారు. అందులో ఉన్నదేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

* * *

అసలు పరీక్ష టిఫిను దగ్గర ఎదురైంది. హోటల్లో సర్వరు చేతులు వెనక్కి కట్టుకుని పాఠం అప్పజెప్పాడు: "ఇడ్లీ, వడ, పూరీ, మసాలాదోసె, పెసరట్టు, ఊతప్పం. ఏం తీసుకుంటారమ్మా?"

చూశారూ, నాకు నోట మాట రాలేదు. మావారికైతే పెసరట్టు, అల్లం ముక్కలు దండిగా. పిల్లవాడికి పూరీ. అమ్మాయికి మసాలాదోసె, లోపల కూర తీసేసి. అత్తగారికి మెత్తటి ఇడ్లీ, కారప్పొడి వద్దు. ఇదంతా కళ్ళు మూసుకుని చెప్పగలను. మరి నాకో? ఇన్నేళ్ళూ నా టిఫిను అమ్మాయి తీసి పక్కన పెట్టిన ఆ బంగాళాదుంప కూరా, మావారు వదిలేసిన పెసరట్టు అంచులూను! నా నవలల్లో కథానాయిక ఏ కాఫీ తాగుతుందో, అందులో చక్కెర ఎన్ని చెంచాలో ఠక్కున చెప్పగలను. నాకేం కావాలో చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.

"ఇక్కడ ఏది బాగుంటుంది?" అని తప్పించుకోబోయాను.

"అన్నీ బాగుంటాయమ్మా. మీకేది ఇష్టమో చెప్పండి," అన్నాడు ఆ మహానుభావుడు.

మా ఇంట్లో ఎవరూ తినరు గదా అని ఉల్లిపాయ ఊతప్పం చెప్పాను. నాకూ బాగుండదని తిన్నాక తెలిసింది. రెండోరోజు పూరీ. అదీ కాదు. మూడోరోజున సాంబారులో బాగా నానిన వడా, దానిమీద ఒకటి కాదు రెండు కాఫీలూ - అదీ నా టిఫిను! ఇంత చిన్న సంగతి తెలుసుకోడానికి అంత దూరం పోవాలా అంటారేమో. పోవాలి. ఇంట్లో ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళయినా తెలిసేది కాదు.

* * *

ఊరి సంగతి చెప్పాలి. అటు సముద్రం, ఇటు కొండలు, మధ్య సందులో ఊరు. దక్షిణాన డాల్ఫిన్ ముక్కులా సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండ, దానిమీద లైట్‌హౌసు. ఉత్తరాన కైలాసగిరి, దానిమీద తెల్లటి శివపార్వతులు. ఈ రెండింటి నడుమా వంపు తిరిగిన తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి, ఊరి వెనక కొండల చాటున అస్తమిస్తాడు. అందుకని పొద్దున్నే సముద్రం మీద ఎండ వెండిరేకులా తళతళలాడితే, సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఇసక మీదికి మేడల నీడలు జరుగుతూ వస్తాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ ఊళ్ళో చెట్లని కూకటివేళ్ళతో పెకలించేసింది. కైలాసగిరి బోడిగుండయిపోయిందని ఆనాడు పత్రికల్లో చూసి బాధపడ్డాను. ఇప్పుడు మళ్ళీ పచ్చబడింది.

బీచిరోడ్డు మీద జలాంతర్గామిని గట్టెక్కించి కూర్చోబెట్టారు. పేరు కుర్‌సురా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో రిటైరై, 2002 ఆగస్టు నుంచీ మ్యూజియంగా కొలువు చేస్తోంది. రిటైరయ్యాక కూడా పని తప్పని ప్రాణి ఇంకొకటి ఉందన్నమాట, మనలాగే! పొడుగు తొంభై ఒక్క మీటర్లు. అందులో డెబ్బై అయిదుమంది దాకా ఉండేవారట. తల వంచుకుని, గుండ్రటి గుమ్మాల్లోంచి ఒక్కొక్క కాలే తీసి పెట్టుకుంటూ నడవాలి. మాకు చూపించిన పెద్దమనిషి నౌకాదళంలో పనిచేసినాయనే. టార్పెడోల గురించి ఎంతో ఓపిగ్గా చెప్పారు. మగవాళ్ళంతా ఆ గొట్టాల దగ్గర గుమిగూడారు. ఆడవాళ్ళం మాత్రం, ఎవరూ చెప్పకుండానే, వంటగది దగ్గర ఆగిపోయాం.

మా ఇంట్లో పూజగది అంత ఉంది. "అంతమందికీ ఇందులోనే వండడం!" అని నేను ఆశ్చర్యపోతూ ఉంటే, నా పక్కనున్నావిడ ఎవరో, బొత్తిగా తెలియనావిడ, "మనకిదేం కొత్తండీ?" అంది.

"సముద్రం అడుగున వంట చెయ్యడమా?"

"కిటికీ లేని వంటింట్లో వంట చెయ్యడం."

ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. టార్పెడోల దగ్గరున్న వాళ్ళాయన కంగారుగా వెనక్కి తిరిగి చూశారు.

* * *

ఆ సాయంత్రం రామకృష్ణా బీచిలో ఇసక మీద కూర్చున్నాను. జనం తిరునాళ్ళలా ఉన్నారు. మురీమిక్చరు బళ్ళు, మొక్కజొన్న పొత్తుల కుంపట్లు, గాలిపటాలు, ఫొటోలు. చూస్తూ చూస్తూ ఉండగా ఒక సంగతి కంటపడింది. కంటపడ్డాక ఇంకేదీ కనిపించలేదు.

ప్రతి కుటుంబానికీ ఒక ఆడమనిషి ఇసకలో కూర్చుని ఉంది. ఆవిడ ముందు చెప్పుల కుప్ప. పక్కన సంచీ, మంచినీళ్ళ సీసా, ఎవరివో ఫోన్లు, ఒళ్ళో ఎవరిదో చేతిగడియారం. చెంగు తలమీద. మిగతావాళ్ళంతా నీళ్ళలో కేరింతలు కొడుతుంటే, ఆవిడ చూపు పిల్లల మీదికీ చెప్పుల మీదికీ, చెప్పుల మీంచి పిల్లల మీదికీ తిరుగుతోంది. మధ్యలో సముద్రం ఉంది గాని, ఆ చూపు దానిమీద ఆగడంలేదు. ఒకచోట తల్లి, ఇంకోచోట అత్తగారు, మరోచోట పెళ్ళికాని మేనత్త. మనిషి మారుతోంది గాని, ఉద్యోగం మారడంలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మంగినపూడి, సూర్యలంక, కాకినాడ, మద్రాసు మెరీనా - నాలుగు తీరాలు చూశాను. నాలుగింట్లోనూ చెప్పుల ఎదురుగానే కూర్చున్నాను. ఎవరూ కూర్చోమని ఆజ్ఞాపించలేదు సుమండీ. "నువ్వు రావూ?" అని అడిగారు కూడా. "మీరు వెళ్ళండి, నేను చూస్తుంటాను" అనేది ఆ జవాబు. నోట్లోంచి అదంతట అదే వచ్చేది. మాఘపూర్ణిమకి సముద్రస్నానం చెయ్యలేదా అంటారేమో. చేశాను. అది పుణ్యం ఖాతాలోది. సంకల్పం, మూడు మునకలు, తడిబట్టలతో పరుగు. సముద్రంలో ఊరికే నిలబడడం దాని కిందికి రాదు.

ఇవాళ కాపలా కాయడానికి నా ఒక్కదాని చెప్పులే ఉన్నాయి. నిక్షేపంగా దిగొచ్చు. కాని సంచీ? అందులో డబ్బు, ఫోను, గది తాళం, తిరుగు టిక్కెట్టు. నలుగురిలో ఉంటే సంచీ చూడ్డానికి నేనుంటాను. నేనొక్కర్తినే వస్తే నా సంచీ చూడ్డానికి ఎవరుంటారు? ఒంటరి ప్రయాణం అనగానే అందరూ దొంగల్ని గురించీ, చీకటిని గురించీ భయపెడతారు. అసలు చిక్కు సంచీ అని ఎవరూ చెప్పరు. ఆ రోజు పొడి పాదాలతోనే గదికి తిరిగివచ్చాను.

* * *

రెండోరోజు సిటీబస్సెక్కాను. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలుపెట్టారు గదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్టు చించి ఇచ్చి, "ఎక్కడ దిగుతారు?" అని మాత్రమే అడిగాడు. "ఒక్కరేనా?" అనలేదు. విశాఖపట్నంలో నన్ను ఆ మాట అడగని మొదటి మగవాడు ఆయనే. చల్లగా ఉండాలి.

పాత ఊరు చూడ్డానికి వెళ్ళాను. అక్కడ రేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద మేరీమాత చర్చి, ఒకదానిమీద దర్గా. ముగ్గురూ పక్కపక్కన కూర్చుని వచ్చేపోయే ఓడల్ని చూస్తూంటారు. రాణీబొమ్మ సెంటరులో విక్టోరియా రాణి కంచు విగ్రహం ఒంటరిగా నిలబడి ఉంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడుగుతున్నట్టు లేదు.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉంది. ఆ తల్లికి నెత్తిమీద కప్పు లేదు. ఎండొచ్చినా వానొచ్చినా ఆకాశమే గోపురం. 1917లో రోడ్డు కోసం అమ్మవారిని చోటు మార్చారనీ, ఆ ఏడే ఊళ్ళో ప్లేగు వచ్చిందనీ, భయపడి మళ్ళీ యథాస్థానంలో పెట్టారనీ ఊరివాళ్ళు కథగా చెబుతారు. మార్గశిర గురువారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నేను వెళ్ళిన పూట పలచగానే ఉన్నారు. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. మన చేత్తో మనమే పసుపూ కుంకుమా అద్దవచ్చు.

మామూలుగా గుడికి వెళ్తే అర్చనలో గోత్రం మావారిది. పేర్లు మొదట మావారివి, తర్వాత పిల్లలవి. పూజారిగారికి ఊపిరి మిగిలితే ఆఖర్న నాది. ఇక్కడ ఎవరూ గోత్రం అడగలేదు. అమ్మవారి పాదాల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అలవాటు కొద్దీ పిల్లల పేర్లే ముందొచ్చాయి. ఆ తర్వాత నా పేరు కూడా చెప్పుకున్నాను. నా నోటితో నా పేరు నాకే కొత్తగా వినిపించింది.

మధ్యాహ్నం సింహాచలం. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి దర్శనం చేసుకున్న కొండ. అక్కడి వరాహనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. చూసినవాళ్ళకి ఏదో లింగాకారంలా కనిపిస్తాడు. అక్షయతదియ ఒక్కనాడే పూత తీసి నిజరూపం చూపిస్తారు. ఆ తర్వాత మళ్ళీ విడతలు విడతలుగా చందనం. క్యూలో నిలబడి ఆలోచించాను. కోడలనే పూత, భార్య అనే పూత, తల్లి అనే పూత... అవన్నీ పరిమళమైనవే, కాదనను. చల్లగానే ఉంటాయి కూడా. అయినా ఆయనకి ఏడాదికి ఒకరోజు దొరుకుతుంటే నాకు మూడు రోజులు దొరికాయి. ఆ లెక్కన స్వామికంటే నేనే నయం!

* * *

మూడోరోజు చీకటితోనే లేచి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. బోట్లు వస్తున్నాయి. వేలంపాటలు, ఐసు గడ్డలు, కాకులు, ఒకటే గోల. జాలరి ఆడవాళ్ళు చీర ఎగ్గట్టి, గంపలు పెట్టుకుని, బేరం తెగకపోతే గొంతు పెంచుతున్నారు. తెగితే నోట్లు రొంటిని దోపుకుని గంప నెత్తిన పెట్టుకుని, ఎవరి దారిన వాళ్ళు చరచరా ఊళ్ళోకి పోతున్నారు. తెల్లారకుండా ఇల్లు వదిలి, ఒంటరిగా వీధులన్నీ తిరిగే ఆ మనుషుల్ని "ఒక్కరేనా?" అని ఎవరూ అడగరు. పనిమీద పోతే ఎవరూ అడగరన్నమాట. ఊరికే పోతేనే అడుగుతారు! అంతవరకూ ఆ ప్రశ్న ఆడదాని క్షేమం కోసమే అనుకున్నాను. కాదు, అది ఆడదాని తీరికమీద ప్రశ్న.

భీమిలి దారిలో, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరాన తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీళ్ళతొట్లవల్ల వచ్చింది ఆ పేరు. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. 1988 నుంచి 1992 వరకు తవ్వితే స్తూపాలూ, చైత్యాలూ, భోజనశాలా, వంటశాలా అన్నీ బయటపడ్డాయి. భిక్షువులకి వరసగా చిన్న చిన్న గదులు. ఇప్పుడు మోకాలెత్తు గోడలే మిగిలాయి. ఒక గది నేలమీద నిలబడి చూస్తే కొండకింద సముద్రం నీలంగా, నిశ్శబ్దంగా కనిపించింది. రెండువేల ఏళ్ళ కిందటే ఒక్కొక్కరు ఉండడానికి గదులు కట్టారు ఇక్కడ! "సార్ వెనకాల వస్తున్నారా?" అని మాత్రం అప్పుడు ఎవరూ అడిగి ఉండరు.

* * *

ఆఖరి సాయంత్రం మళ్ళీ రామకృష్ణా బీచికి వెళ్ళాను. వెతికి వెతికి ఒక చెప్పుల కుప్ప పక్కన కూర్చున్నాను. ఆవిడకి అరవై దగ్గర ఉంటాయి. ముక్కుకి అటూ ఇటూ బేసరులు, వేళ్ళకి పసుపు రంగు. నీళ్ళలో ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు మనవలు. బొబ్బిలి దగ్గర పల్లెటూరట.

"ఒక్కరే వచ్చేరా...?" అంది. నాలుగో రకం.

"అవునండీ."

నా సంచీని, నా కాళ్ళని, సముద్రాన్ని చూసింది. ఇంకేమీ అడక్కుండా చెప్పుల్ని కాస్త పక్కకి జరిపి చోటు చేసింది. "మీవి కూడా ఇక్కడ పెట్టీండి. ఏడు జతలు కాస్తన్నాను, ఎనిమిదో జత బరువేటి? ఆ సంచీ కూడా ఇలా ఇచ్చీండి."

ఇచ్చేశాను. డబ్బు, ఫోను, గది తాళం, టిక్కెట్టు - అన్నీను. పేరైనా అడగలేదు.

నీళ్ళు అనుకున్నంత చల్లగా లేవు. పగలంతా తాగిన ఎండ వాటిలో ఇంకా ఉంది. ఆ బీచిలో కెరటం చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గాని, లోపలికి లాగే గుణం ఉంది. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకని మోకాలి లోతు దాటలేదు. కెరటం వచ్చి కుచ్చెళ్ళు తడిపింది. వెనక్కి పోతూ పోతూ అరికాళ్ళ కింది ఇసక కాస్త కాస్తా లాక్కుపోయింది. నిలబడ్డ చోటే మెల్లిగా దిగిపోతున్నట్టు, ఎవరో గిలిగింతలు పెడుతున్నట్టు ఉంది. దూరంగా లంగరేసిన ఓడల్లో దీపాలు వెలిగాయి. కొండమీద లైట్‌హౌసు వెలుగు తిరగడం మొదలుపెట్టింది. నేనెవర్నీ లెక్కపెట్టుకోలేదు. ఎవరు ఎంత లోతుకి పోతున్నారో చూసుకోలేదు. ఎదురుగా ఉన్న సముద్రాన్ని సముద్రంలాగే చూశాను.

పది నిమిషాలయ్యాక ఒడ్డుకి వచ్చి, "ఇప్పుడు మీరు వెళ్ళండి. చెప్పులు నేను చూస్తాను," అన్నాను.

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేనా? ఈ వయసులోనా? కోడళ్ళు నవ్వుతారమ్మా!"

"మీరెప్పుడైనా దిగారా?"

"దిగలేదు. ఏటా వస్తాం. ఏటా ఇక్కడే కూచుంటాను."

నేనేమీ బతిమాలలేదు. ఆవిడే కాసేపు అటు చూసి, ఇటు చూసి, లేచింది. చెంగు నడుముకి బిగించింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, కొంగున కట్టుకున్న డబ్బు ముడి విప్పి నా చేతిలో పెట్టింది. అప్పుడు మళ్ళీ నడిచింది. పెద్దకొడుకు చూసి "అమ్మా!" అని అరిచాడు. కోడళ్ళు నిజంగానే నవ్వారు. నవ్వుతూనే చెరో పక్కా వచ్చి చెయ్యి పట్టుకున్నారు. కెరటం వచ్చి తాకగానే ఆవిడ ఒక కేక పెట్టింది. కేక అనుకున్నాను గాని అది నవ్వే. ఆ పెద్ద ముత్తయిదువ గొంతులో అలాంటి నవ్వు ఉంటుందని ఆ కొడుకులకి తెలిసినట్టు లేదు. ఇద్దరూ నీళ్ళలో నిలబడి అలా చూస్తూండిపోయారు.

నేను ఒళ్ళో ఆవిడ డబ్బు పెట్టుకుని, ఎనిమిది జతలకి కాపలా కాశాను. చెప్పులకి కాపలా కాయడం నాకు కొత్తేమీ కాదు. అయితే సముద్రం చూసి వచ్చాక కాసింది మాత్రం అదే మొదలు. రెండింటికీ ఎంత తేడా ఉందో కూర్చుని చూస్తేగాని తెలియదు.

* * *

ఇంటికి మాడుగుల హల్వా పట్టుకువచ్చాను. గోధుమపాలూ, నెయ్యీ, జీడిపప్పూ - ఇల్లంతా ఘుమఘుమ. ఇల్లు నేను లేకపోయినా నిలబడే ఉంది. కుక్కరు రబ్బరు కనబడలేదని ఒకపూట మాత్రం హోటలునుంచి తెప్పించుకున్నారట. రాత్రి భోజనాల దగ్గర కుర్‌సురా వంటగది, కప్పులేని అమ్మవారు, తొట్లకొండ గదులు, బొబ్బిలి ఆవిడ - అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పిల్లలు నవ్వుతూ విన్నారు. అత్తగారు హల్వా ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

మావారు చెయ్యి కడుక్కుని వచ్చి, "బాగుంది. ఈసారి అందరం కలిసి వెళ్దాం," అన్నారు.

"తప్పకుండా. అయితే చెప్పుల దగ్గర వంతులు వేసుకుందాం," అన్నాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించి, "అక్కడ చెప్పుల స్టాండు లాంటిది ఉండదూ?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపల మా అత్తగారు అందుకున్నారు. "స్టాండు సంగతి తర్వాత చూసుకోండి. నా వంతు మాత్రం ఆఖర్న వెయ్యండి. ముందు నేను దిగుతాను."